ఎలెక్టివ్ అంటే

అచ్చాఫీసులో అతన్ని అందరూ కామా అనే పిలిచేవారు. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా కనిపించేది కాదు. పందొమ్మిదేళ్ల క్రితం ప్రూఫులు దిద్దే పనిలో చేరిన మొదటి వారంలోనే, యంత్రం మీదికి ఎక్కించిన పేజీలను ఒక్క కామా కోసం కిందికి దింపించాడు. యంత్రం నడిపే మనిషి నడుం మీద చేతులు పెట్టుకుని, "ఇంత చుక్కకి ఇంత రాద్ధాంతమా నాయనా" అని విసుక్కున్నాడు.

"పిల్లల కథండీ. ఆ చుక్క లేకపోతే ఎలుగుబంటి తిన్నదో, ఎలుగుబంటిని తిన్నారో తెలియట్లేదు" అన్నాడితను తల ఎత్తకుండా.

ఆ సాయంత్రానికల్లా పేరు అతుక్కుపోయింది. అతనూ దాన్ని వదిలించుకోవాలని ఎప్పుడూ ప్రయత్నించలేదు. తన పనికి తగ్గ పేరే అనుకున్నాడు.

కామా కూర్చునే గది మూడో అంతస్తులో ఉండేది. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద ఎర్ర కలాలు, వెనక గోడ నిండా డిక్షనరీలు. తెలియని మాటకు అందరూ డిక్షనరీ తీస్తారు. ఇతను తెలిసిన మాటకు కూడా తీసేవాడు. ఎందుకయ్యా అని అడిగితే, "తెలుసనుకున్న మాటే కొంప ముంచుతుంది" అనేవాడు. ఇంట్లోనూ అదే వరస. సబ్బు పొట్లం మీద కొత్త మాట కనిపిస్తే అన్నం ముందు నుంచి లేచి వెళ్లి డిక్షనరీ తెచ్చుకునేవాడు. "కూర చల్లారిపోతుందిరా, సబ్బు ఎక్కడికీ పోదు" అని అక్క కసిరేది.

ఆ అక్క అతనికన్నా ఏడేళ్లు పెద్ద. తల్లి పోయేనాటికి ఆమెకు పదకొండు, ఇతనికి నాలుగు. తండ్రి బతికున్నన్నాళ్లూ ఊరూరా తిరిగే పనిలో ఉండేవాడు. ఇల్లు చూసే మనిషి కావాల్సి వచ్చి ఆమె ఆరో తరగతిలో బడి మానేసింది. మరుసటి ఏడు వీధి చివర లాండ్రీలో ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడింది. అలా నిలబడటం నిలబడటం ముప్పయ్యారేళ్లు నిలబడింది. ముందు కాలరు, తర్వాత భుజం, తర్వాత చేతులు, ఆఖరికి వీపు. నిద్రలో లేపి చొక్కా చేతికిచ్చినా వరస తప్పేది కాదు.

తమ్ముణ్ణి మాత్రం బడి మాననివ్వలేదు. అతను ఇంగ్లీషు పుస్తకం పైకి చదువుతుంటే ఆమె వంట చేస్తూ వినేది. అర్థం కాకపోయినా, మధ్యలో ఆగితే "ఊఁ, తర్వాత" అనేది, కథ వింటున్నట్టు. పై చదువులో అతను చరిత్ర తీసుకుని భూగోళం వదిలేసినప్పుడు, "వదిలేయడానికి వాళ్లు ఒప్పుకుంటారా" అని నాలుగుసార్లు అడిగింది. అలాంటి సౌకర్యం ఒకటి చదువులో ఉంటుందని ఆమెకు అంతవరకు తెలియదు.

పెళ్లి కుదిరినప్పుడు ఆమె ఒకే ఒక్క మాట అడిగింది, తమ్ముడు తనతోనే ఉంటాడని. బావ బస్సు డిపోలో మెకానిక్కు. తక్కువ మాటల మనిషి. "ఉండనీ. పగలంతా ఇంజన్లతో మాట్లాడతాను, ఇంటికొచ్చాక జవాబు చెప్పే మనిషి ఉంటే మంచిదేగా" అన్నాడు. అలా ముందు గది కామాది అయింది. అతను పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా ఎత్తితే "చూద్దాం" అనేవాడు. ఆ చూద్దాం నలభై దాటింది. ఈలోగా మేనకోడలు పెరిగి పెద్దదై, కళ్లజోళ్ల షాపులో అద్దాలు బిగించే పనిలో చేరింది.

అతని ఇంగ్లీషు మీద అక్కకున్న నమ్మకం అంతా ఇంతా కాదు. వీధిలో ఎవరికి ఏ కాగితం వచ్చినా ఆమే పిలిచి తీసుకునేది. "అక్కడ పెట్టి వెళ్లు. తమ్ముడొచ్చి చూస్తాడు. వాడు చదివి ఇదీ అర్థం అన్నాడంటే, రాసినవాడు కూడా వచ్చి ఒప్పుకోవాల్సిందే" అనేది. మందుల చీటీలు, కరెంటు ఆఫీసు ఉత్తరాలు, మిక్సీతో వచ్చిన చిన్న పుస్తకాలు, అన్నీ ముందు గదిలో గూట్లో చేరేవి. అతను ఒక్కొక్కటీ చదివి, పక్కన పెన్సిలుతో తెలుగు రాసి ఇచ్చేవాడు. ఆమె వాటిని పంచిపెట్టేటప్పుడు చూడాలి. తనే రాసినంత గర్వం.

ఆ ఏడు ఎండలు మొదలయ్యాక ఆమెకు ఆయాసం పట్టుకుంది. మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, గోడకున్న పగుళ్లు చూస్తున్నట్టు నటించేది. "గోడలో ఏముంది అక్కా" అంటే "సున్నం" అనేది. ఒకరోజు ఇస్త్రీ చేస్తూ కళ్లు తిరిగి పడిపోయింది. పక్క బల్ల ఆమె నీళ్లు చల్లి లేపింది. ఆ వారమే బావ డిపోలో సెలవు పెట్టి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. పరీక్షలన్నీ అయ్యేసరికి రెండు రోజులు పట్టింది.

గుండెలో తలుపు లాంటిది ఒకటి ఉంటుందని, అది గట్టిపడి సరిగా తెరుచుకోవడం లేదని, దాన్ని మార్చాలని డాక్టరమ్మ చెప్పింది. బయట ఇంకా చాలామంది ఉన్నారు. కాగితం రాసి చేతికిచ్చి, కౌంటర్లో తేదీ తీసుకోమంది. కౌంటర్లో అమ్మాయి ఆ కాగితం చూసి, "ఇది ఎలెక్టివ్ అమ్మా, ఎమర్జెన్సీ కాదు. ఇంట్లో మాట్లాడుకుని వచ్చి డేటు పెట్టించుకోండి" అంది.

అక్క చెవిలో ఆ మాట పడిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె అచ్చాఫీసుకు వచ్చింది. లాండ్రీలో గంట అనుమతి తీసుకుని, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రుమాల్లో చుట్టుకుని, మూడు అంతస్తులూ ఎక్కి వచ్చింది. సాయంత్రం ఇంట్లోనే చూపించవచ్చు. అంతవరకు ఆగలేకపోయింది.

సరిగ్గా ఆ వారమే బడిపిల్లల ఇంగ్లీషు–తెలుగు డిక్షనరీ ఆఖరి ప్రూఫులు బల్ల మీద ఉన్నాయి. బడులు తెరిచేలోగా పుస్తకం బయటికి రావాలి. సంపాదకుణ్ణి అందరూ పెద్దాయన అనేవారు. ఆయన పది నిమిషాలకోసారి గుమ్మంలోకి వచ్చి, ఏమీ అనకుండా నిలబడి వెళుతున్నాడు. ఏమైనా అని ఉంటేనే నయం.

అక్క ఎదురు కుర్చీలో కూర్చుంది.  చాలాసేపు ఊపిరి తీసుకుంటూనే ఉంది. కామా "మంచినీళ్లు అక్కడున్నాయి అక్కా" అన్నాడు, వేలు పేజీ మీద నుంచి తీయకుండా.

"ఈ కాగితం చూడరా. ఇందులో ఎలెక్టివ్ అని ఉందంట. అంటే ఏంటి?"

అతను కాగితం అందుకున్నాడు. వైద్యం మాటలు రెండు వరసలు, కింద సంతకం. మధ్యలో ఉంది ఆ మాట. చూడగానే పోల్చుకున్నాడు. చదువుకున్నప్పటి మార్కుల కాగితాల మీద ఎన్నిసార్లు చూడలేదు.

"ఎలెక్టివ్ అంటే ఐచ్ఛికం అక్కా. మన ఇష్టం అన్నమాట."

"ఇష్టం అంటే?"

"చేయించుకుంటే చేయించుకోవచ్చు, లేకపోతే లేదు. నేను చరిత్ర తీసుకుని భూగోళం వదిలేశాను చూడు, అలాంటిది. దాన్నే ఎలెక్టివ్ అంటారు."

"డాక్టరమ్మ మార్చాలి అంది మరి."

"వాళ్లు నోటితో వంద అంటారు. రాసిందే లెక్క."

"తప్పనిసరైతే ఏమని రాస్తారు?"

"ఎమర్జెన్సీ అనో, అర్జెంటనో రాస్తారు. ఇక్కడ అదేం లేదుగా."

అక్క మెల్లిగా కుర్చీలో వెనక్కి వాలింది. కాసేపటికి నవ్వింది. "అయితే నేను గుండె సబ్జెక్టు వదిలేయొచ్చన్నమాట" అంది.

అతనూ నవ్వాడు. అప్పుడే పెద్దాయన మళ్లీ గుమ్మంలో కనిపించాడు. అక్క లేచి కాగితం మడిచి రుమాల్లో పెట్టుకుంది. "పని చూసుకో. సాయంత్రం త్వరగా రా" అని మెట్లు దిగి వెళ్లిపోయింది. వెనక గోడ నిండా డిక్షనరీలు. చెయ్యి చాపితే అందేంత దగ్గర.

ఆ తర్వాత ఏడు వారాలు ఇల్లు బాగానే ఉంది. ఇంకా చెప్పాలంటే, అంతకుముందు కన్నా హుషారుగా ఉంది. అక్క మెట్ల దగ్గర ఆగడం మానలేదు గానీ, గోడను చూడటం మానేసి మనుషుల్ని పలకరించడం మొదలుపెట్టింది. ఆసుపత్రి నుంచి ఒకసారి ఫోను వచ్చింది, తేదీ ఎప్పుడు పెట్టమంటారని. "ఇష్టమైతేనే అన్నారు కదమ్మా. మాకు ఇష్టం లేదు" అని ఆమే చెప్పి పెట్టేసింది. అవతలి మనిషి ఏమనుకుందో ఏమో, మళ్లీ చెయ్యలేదు. డిక్షనరీ అచ్చయి బడులకు వెళ్లిపోయింది. పెద్దాయన అందరికీ టీ ఇప్పించాడు.

ఒక మంగళవారం ఉదయం పదిన్నర వేళ, లాండ్రీలో పక్క బల్ల ఆమెకు కాలిన వాసన తగిలింది. ఏ పిల్ల చేతకానితనమో అనుకుని తిట్టడానికి తిరిగింది. పొగ వస్తున్నది అక్క బల్ల మీద నుంచి. తెల్ల చొక్కా వీపు మీద ఇస్త్రీపెట్టె అలాగే ఉంది. మనిషి కింద ఉంది. ముప్పయ్యారేళ్లలో ఆమె చేతిలో కాలిన మొదటి గుడ్డ అది.

ఆసుపత్రికి చేరేలోపే అయిపోయిందని చెప్పారు. కామా వెళ్లేసరికి బావ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు, గ్రీజు చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని. మేనకోడలు నిలబడే ఉంది. ఎవరు కూర్చోమన్నా కూర్చోలేదు.

పదిహేను రోజులు పోయాక, మరణ ధ్రువీకరణ కాగితం కోసం ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చింది. కాగితాల పని కాబట్టి కామానే వెళ్లాడు. ఫైలు వెతుకుతుండగా డాక్టరమ్మ అటుగా వచ్చింది. పేరు చూసి ఆగింది.

"మీరేమవుతారు?"

"తమ్ముణ్ణండి."

"డేటు పెట్టించుకోమని చెప్పాను కదండి. ఎందుకు రాలేదు? ఫోను చేయిస్తే వద్దన్నారట."

కామా మెల్లగా అన్నాడు. "ఎలెక్టివ్ అని రాశారు కదండి."

"అవును. ఎలెక్టివే."

"అంటే, ఇష్టమైతేనే అని..."

డాక్టరమ్మ అతని ముఖం వంక చూసింది. ఆవిడ కోపంగా లేదు. అలసిపోయి ఉంది.

"ఎలెక్టివ్ అంటే ముందుగా తేదీ చూసుకుని చేసేదండి. ఈ పూటే, ఈ గంటలోనే చెయ్యకపోతే పోతారు అనేది కాదు, అంతే. అక్కర్లేదని కాదు. ఆమెకు ఆ తలుపు మార్చడం తప్ప ఇంకో దారి లేదు. ఎవరు చెప్పారండి మీకు అలా?"

 ఆవిడ కొంచెం ఆగి, "మేమూ విడమరిచి చెప్పాల్సింది. రోజుకి ఎంతమందినో చూస్తాం, మాకది అలవాటైన మాట" అని, భుజం మీద చెయ్యి వేయబోయి వేయకుండా వెళ్లిపోయింది.

అక్కణ్ణుంచి అతను నేరుగా అచ్చాఫీసుకు నడిచి వెళ్లాడు. అందరూ భోజనాలకు దిగారు. అన్నిటికన్నా పెద్ద డిక్షనరీ కిందికి దింపి ఆ మాట తీశాడు. మొదటి అర్థం, ఎన్నిక ద్వారా వచ్చే పదవి గురించి. రెండోది, ఎన్నుకునే హక్కు ఉన్న సభ గురించి. మూడోది, విద్యార్థి తన ఇష్టం మీద తీసుకునే పాఠ్యాంశం. నాలుగోది వైద్యానిది. అత్యవసరం కాక, ముందు నిర్ణయించిన సమయానికి చేసే శస్త్రచికిత్స. నాలుగో అర్థం పక్క పేజీలోకి పోలేదు, సన్న అక్షరాల్లో దాక్కోలేదు. మూడోదాని కిందనే, దానంత లావుగానే ఉంది.

తర్వాత తాము అచ్చువేసిన పిల్లల డిక్షనరీ తీశాడు. అందులో ఒక్కటే అర్థం ఉంది, ఐచ్ఛికమైన. ఆ పేజీని తనే మూడుసార్లు దిద్దాడు. చుక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి.

ఇంటికి వెళ్లి చెప్పెయ్యాలనే అనుకున్నాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తుండగా లోపలినుంచి మేనకోడలి గొంతు వినపడింది.

"ఫోనొచ్చినప్పుడు నువ్వు ఇంట్లోనే ఉన్నావు నాన్నా. అమ్మ చేతిలోంచి ఫోను లాక్కుని డేటు ఇమ్మని ఎందుకు అడగలేదు? బస్సుకి చిన్న చప్పుడొస్తే రాత్రంతా డిపోలో ఉంటావు. అమ్మకి ఆయాసమొస్తే పట్టలేదా?"

బావ పళ్లెంలో నీళ్లు పోసి చెయ్యి కడుక్కున్నాడు.

కామా చెప్పలేకపోయాడు. ఆ రోజు కాకపోతే రేపు అనుకున్నాడు. రేపు ఎల్లుండి అయింది. నెల దాటింది. ఆ నెలంతా పిల్ల తండ్రిని మాటలతో గుచ్చుతూనే ఉంది, ఆయన తలవంచుకు వింటూనే ఉన్నాడు, ఇతను ముందు గదిలో గోడకానుకుని రెండూ వింటూనే ఉన్నాడు. మాట తప్పు చెప్పినందుకు ఎంత కుమిలిపోయాడో, నోరు విప్పనందుకు అంతకు రెండింతలు కుమిలిపోయాడు. అయినా పెదవి కదిలేది కాదు. వీధిలోవాళ్లు కాగితాలు తెచ్చి గూట్లో పెట్టి వెళుతూనే ఉన్నారు. అతను వాటిని ముట్టుకోలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ అన్నాల దగ్గర కూర్చున్నారు. మేనకోడలు మళ్లీ ఎత్తుకుంది. "నువ్వు గట్టిగా ఒక్క మాట చెప్పి ఉంటే..."

"మీ నాన్న కాదు" అన్నాడు కామా. "నేను."

పిల్ల ఆగి చూసింది.

"మీ అమ్మ కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చింది. ఎలెక్టివ్ అంటే ఏంటని అడిగింది. మన ఇష్టం, అక్కర్లేకపోతే మానేయొచ్చు అని చెప్పాను. అది తప్పు. డాక్టరమ్మ నాతో చెప్పింది. నెలైంది. మీకు చెప్పలేదు."

 వీధిలో ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది.

"డిక్షనరీ చూశావా మావయ్యా?" అంది మేనకోడలు.

"లేదు."

"సబ్బు పొట్లానికి చూస్తావుగా."

"చూస్తాను."

"మరి ఆ రోజు ఎందుకు చూడలేదు?"

"వచ్చనుకున్నానమ్మా."

ఆమె పళ్లెం ముందు నుంచి లేచి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. గట్టిగా కూడా వెయ్యలేదు. కామా బావ వైపు చూడలేక నేల వంక చూస్తూ కూర్చున్నాడు.

"చెప్పేశావుగా. ఇక తిను" అన్నాడు బావ.

ఆ గొంతులో ఆశ్చర్యం లేదు. కామా తలెత్తాడు. "నీకు తెలుసా బావా?"

"ఆ రోజే తెలుసు. నీ దగ్గర్నుంచి వస్తూనే చెప్పింది, తమ్ముడు అక్కర్లేదన్నాడని. వంట చేస్తూ పాట కూడా పాడింది." ఆయన మెతుకులు కలుపుకున్నాడు. "అంతకుముందు రాత్రి ఆపరేషనంటే భయమంటున్నా నేను చేయించుకుందామని పట్టుబట్టాను. ఒకటే మాటంది. తమ్ముడు చేయించుకోమంటే చేయించుకుంటాను అని. సరే అన్నాను. నువ్వు అక్కర్లేదన్నావనగానే నేనూ సంతోషించాను. అందుకని నిన్ను అనడానికి నాకు నోరు రాదు."

"పిల్ల నిన్నంటుంటే చెప్పొచ్చుగా."

"అమ్మ పోయింది. మావయ్య కూడా పోవాలా దానికి?"

కామా పళ్లెంలోంచి చెయ్యి తీసేశాడు. చేయించుకోమంటే చేయించుకుంటానంది. తను తప్పు అర్థం చెప్పాడని మాత్రమే అంతవరకు అనుకుంటున్నాడు. ఆమె వచ్చింది అర్థం అడగడానికి కాదని, నిర్ణయమే తెచ్చి తన చేతిలో పెట్టిందని, తను ప్రూఫు పేజీ మీద వేలు తీయకుండా దాన్ని తిరిగి ఇచ్చేశాడని ఆ మధ్యాహ్నం అర్థమైంది.

మేనకోడలు ఆ తర్వాత అతనితో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, మంచినీళ్లు పెట్టేది, ముఖం మాత్రం చూసేది కాదు. వారం రోజులు చూసి, అతనే అచ్చాఫీసు వెనక సందులో ఒక గది తీసుకున్నాడు. బావ ఉండమనలేదు, వెళ్లమనలేదు. పుస్తకాల పెట్టె తనే భుజాన పెట్టుకుని గది దాకా మోసుకొచ్చాడు. కిటికీ గడియ పట్టడం లేదని చూసి, జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి బిగించి వెళ్లాడు. ఆ తర్వాత ప్రతి ఆదివారం సాయంత్రం వచ్చేవాడు. ఇద్దరూ ఏవో ఇంజన్ల సంగతులు మాట్లాడుకునేవారు. పిల్ల ఎలా ఉందని ఇతను అడిగితే "ఉంది" అనేవాడు.

కొత్త వీధిలోనూ ఎలాగో తెలుసుకుని ఒకరిద్దరు కాగితాలు తెచ్చారు. అతను చదివేవాడు గానీ అర్థం చెప్పేవాడు కాదు. "ఇది రాసినవాళ్లనే అడగండి. అర్థమయ్యేదాకా అడగండి. సిగ్గుపడకండి" అని తిప్పి పంపేవాడు. కొందరు గర్విష్ఠి అనుకున్నారు.

పిల్లల డిక్షనరీ మరుసటి ఏడు మళ్లీ అచ్చుకు వెళుతున్నప్పుడు, అతను పెద్దాయన గదిలోకి వెళ్లాడు. ఒక్క వరస చేర్చాలన్నాడు.

"ఆ పేజీలో వెంట్రుక దూరే జాగా లేదు కదయ్యా" అన్నాడు పెద్దాయన కాగితం చూసి. "అయినా ఏం రాశావిది? ముందుగా తేదీ నిర్ణయించి చేసే శస్త్రచికిత్స. అవసరం లేనిదని అర్థం కాదు. డిక్షనరీలో ఉన్న అర్థం చెబుతాం. లేని అర్థం కాదని చెప్పం. ఇరవై ఏళ్లుగా నువ్వే నాకు నేర్పుతున్నావీ పద్ధతి."

"ఇదొక్కదానికి చెప్పాలండి."

"ఎందుకు?"

కామా నిలబడే చెప్పాడు. అంతా చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. పెద్దాయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆ రోజు ఆమె వచ్చినప్పుడు గుమ్మంలో నిలబడ్డది తనేనని ఆయనకు గుర్తొచ్చినట్టుంది.

"ఏ వరస తీసేద్దామంటావు?" అన్నాడు చివరికి.

కింద ఇంకో మాటకు ఇచ్చిన ఉదాహరణ వాక్యం తీసేశారు. కొత్త వరస సరిగ్గా పట్టింది. అచ్చయి వచ్చిన పేజీ చూసుకుంటే ఏదో తేలికపడుతుందని ఇతను లోలోపల ఆశపడ్డాడు. అదేమీ జరగలేదు. ప్రూఫులో దిద్దితే కాగితం మీది తప్పు పోతుంది. అతను చేసిన తప్పుకు కాగితం లేదు.

రెండేళ్లు గడిచాయి. ఒకరోజు ఉదయం పని మొదలుపెట్టిన కాసేపటికి మెట్ల మీద అడుగులు వినపడ్డాయి. మేనకోడలు వచ్చి గుమ్మంలో నిలబడింది. చేతిలో సంచీ ఉంది.

"వేరే ఊళ్లో కొత్త షాపు తెరుస్తున్నారు మావయ్యా. నన్ను అక్కడికి పంపుతున్నారు. పదకొండింటికి బస్సు."

"కూర్చోమ్మా."

ఆమె కూర్చుంది. బల్ల మీద కాగితాలు చూసింది, కిటికీ చూసింది. "నేను క్షమించానని చెప్పడానికి రాలేదు" అంది. "అది నా వల్ల అవుతుందో లేదో నాకే తెలియదు. వెళ్తున్నానని చెప్పకుండా వెళ్లలేకపోయాను."

"సరేనమ్మా."

"ఒకటి అడగాలని ఉంది. అమ్మకి ఆపరేషనంటే ఎందుకంత భయం? నాన్ననడిగితే తెలియదన్నాడు."

కామా ఎర్ర కలం మూత పెట్టాడు. ఈ సంగతి అతను ఎవరితోనూ చెప్పి ఉండలేదు. అతనికీ సొంత జ్ఞాపకంగా లేదు. అక్క ఒకే ఒక్కసారి, జ్వరంలో ఉన్నప్పుడు చెప్పింది.

"మా అమ్మకి కడుపులో గడ్డ ఉండేది. ఆపరేషనుకి లోపలికి వెళ్తూ జడలోంచి పిన్నులు తీసి మీ అమ్మ చేతిలో పెట్టిందంట. ఇవి పట్టుకో, ఇప్పుడే వస్తాను, తమ్ముణ్ణి ఏడవనివ్వకు అందంట. నేను మీ అమ్మ ఒళ్లో నిద్రపోయాను. ఎవరో వచ్చి ఇక ఇంటికెళ్లమన్నా మీ అమ్మ లేవలేదంట. పిన్నులివ్వాలి కదా, అందంట. సాయంత్రం దాకా గుప్పిట విప్పలేదు. అరచెయ్యి కోసుకుపోయింది."

మేనకోడలు తన అరచెయ్యి చూసుకుంది.

"అంత భయం పెట్టుకుని ఇన్ని మెట్లెక్కి వచ్చింది. తప్పదక్కా, నేను పక్కనుంటాను అని అంటే చేయించుకునేది. నేను కాగితం చూశాను గానీ ఆ మనిషి ముఖం చూడలేదమ్మా. చూసి ఉంటే, మాటకి అర్థం తెలియకపోయినా తెలిసి ఉండేది."

ఆమె ఏడ్చింది. అతను ఓదార్చడానికి లేవలేదు. ఆ హక్కు తనకు లేదనుకున్నాడు. కాసేపటికి ఆమె చున్నీతో ముఖం తుడుచుకుని, టైమెంతయిందని అడిగింది. పదిన్నర దాటిందన్నాడు.

సంచీ అతను అందుకుంటే వద్దనలేదు. ఇద్దరూ మెట్లు దిగి బస్టాండు దాకా నడిచారు. దారిలో కొత్త ఊరి గురించి, అక్కడ చూసిన గది గురించి, గదికి ఒకే కిటికీ ఉండటం గురించి చెప్పింది. అతను వింటూ నడిచాడు. బస్సు ఎక్కి కూర్చున్నాక కిటికీలోంచి చెయ్యి చాపి సంచీ తీసుకుంది.

"నాన్నని ఆదివారాలు ఒక్కణ్ణే వదలకు" అంది.

"వదలను."

మళ్లీ వస్తాననలేదు. అతనూ అడగలేదు. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి, తర్వాత అచ్చాఫీసు వైపు నడిచాడు.